నేను ఎంచుకున్న మౌత్ ఆర్గాన్

మొన్న ఆదివారం తమ్ముడి ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు వాడి కూతురు నా పక్కన చేరి ఫోన్ ముందు పెట్టింది. ఆ పిల్ల ఏడాదిగా గిటార్ నేర్చుకుంటోంది. ఇప్పుడు దాంతోపాటు మౌత్ ఆర్గాన్ కూడా వాయించాలట. మెడకు తీగతో చేసిన చట్రం తగిలించుకుంటే చేతులతో ఒకటి, నోటితో ఒకటి, రెండూ ఒకేసారి వాయించొచ్చట. మొదటిసారి కొనేవాళ్లకు ఏది సరిపోతుందో తెలియక బొమ్మలు చూస్తోంది. పొడుగువి, పొట్టివి, పక్కన మీట ఉన్నవి. ఏది బాగుందత్తా అని మాటవరసకు నన్నడిగింది. పొట్టిది, పది రంధ్రాలది తీసుకో, దాని మీద సి అనే అక్షరం ఉందో లేదో చూసుకో అన్నాను. పిల్ల ఫోన్ వదిలేసి నా ముఖంలోకి చూసింది.

అవతలి కుర్చీలో ఉన్న తమ్ముడు నవ్వాడు.

"నా దగ్గర గూడ ఒకటుండె బిడ్డా చిన్నప్పుడు. మా చిన్నాయన దుబాయి నుంచి నా కోసం తెచ్చిండు."

వాడు అబద్ధమాడటం లేదు. వాడికి అలాగే గుర్తుంది. అప్పుడు వాడు మరీ చిన్నవాడు, ఆ తర్వాత వాడికి వేరేగా చెప్పినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదు. మజ్జిగన్నం తిని, చేయి కడుక్కుని, పని ఉందని చెప్పి వచ్చేశాను. దారంతా కోపంగానే ఉన్నాను. వాడి మీద కాదు. ఎవరి మీదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

అప్పుడు మా ఇల్లు ఆర్మూరులో, పసుపు మార్కెట్ వెనక వీధిలో ఉండేది. చేను ఊరి చివర. చలి వెనక్కి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో పసుపు తవ్వి, పెద్ద కడాయిల్లో ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసేవాళ్లం. ఉడికే పసుపు వాసన వంటింటి డబ్బాలో వాసన కాదు. పచ్చి ఆకూ, తడి మట్టీ, కట్టెల పొగా కలిసి ముక్కు లోపల పట్టుకుని కూర్చునే ఘాటు. ఆ రెండు నెలలూ మా బట్టలు పసుపు, గోళ్లు పసుపు, దుప్పట్లు పసుపు. అమ్మ చేసిన జొన్నరొట్టె మీద కూడా వేలిముద్రలు పచ్చగా ఉండేవి. సాయంత్రం మార్కెట్ నుంచి వచ్చిన పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని ధర గురించే మాట్లాడుకునేవాళ్లు. నిన్న ఎక్కి ఇవాళ దిగిందనో, గుడ్డ కింద వేళ్లు పట్టి బేరం చేసే దళారి ఏదో మాయ చేశాడనో. ఆ గొంతుల్లో ఎప్పుడూ ఒకే దిగులు.

అలాంటి రోజుల్లో మా చిన్నాయన గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడు. బాపు కంటే చాలా చిన్నవాడు, అప్పటికింకా పెళ్లి కాలేదు. పెట్టె తెరిస్తే ఇల్లంతా సబ్బూ అత్తరూ ఖర్జూరం కలిసిన వాసన. అందరి చేతుల్లో ఏదో ఒకటి పెట్టాక, దుప్పటిలో చుట్టిన ఒక పెద్ద మూటను తన మంచం మీద పడుకోబెట్టాడు. విప్పితే గిటార్. నాయనమ్మ దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "సొరకాయకు మెడ వెట్టినట్టున్నది గదరా," అంది. అక్కడ పనివాళ్ల క్యాంపులో తనతో ఒకే గదిలో ఉన్న గోవా వంటవాడు ఊరికి వెళ్లిపోతూ ఇచ్చాడట. నేర్పింది కూడా అతనే. నేర్పింది తీగల మీద వేళ్లు ఉంచే మూడు పట్లు. సి, ఎఫ్, జి. ఆ మూడింటి మీదనే చిన్నాయన ఏ పాటనైనా ఎలాగోలా నడిపించేవాడు.

ముట్టొద్దని మాకు గట్టిగా చెప్పారు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడల్లా నేను వెళ్లి ముట్టేదాన్ని. ఒకరోజు కల్లం నుంచి అలాగే వచ్చి తీగలు లాగి, ఏమీ ఎరగనట్టు పెరట్లోకి వెళ్లి కూర్చున్నాను. తెల్లని చెక్క మీద నా వేళ్లు పచ్చగా అచ్చుపడి ఉన్నాయి. చిన్నాయన గిటార్‌ను చంకలో పెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

నేనప్పుడు అమ్మ పక్కన ఉన్నాను. చేను పని లేని పూట అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తడిపిన తునికాకును కత్తెరతో కోశాక మిగిలే ముక్కలు నావి. వాటిని పెదాల మధ్య బిగించి పాటలు ఊదడం నాకెవరూ నేర్పలేదు, ఎలా వచ్చిందో తెలియదు. బతుకమ్మ పాటల వరసలన్నీ అందులో పలికేవి. ఆరోజు కూడా అదే చేస్తున్నాను. తిట్టడానికి వచ్చిన చిన్నాయన తిట్టకుండా నిలబడ్డాడు. ఇంకోసారి ఊదమన్నాడు. ఊదాను. అక్కడే గడప మీద కూర్చుని తన మూడు పట్లలో ఒకటి పట్టుకుని, నా వెనకాల తీగలు మీటాడు. ఆకు ముక్క సన్నగా, గిటార్ లావుగా. అమ్మ బీడీ చుట్టడం ఆపింది.

గోవా వంటవాడు మెడకు మౌత్ ఆర్గాన్ తగిలించుకుని రెండూ కలిపి వాయించేవాడని, తను ప్రయత్నిస్తే చేయి ఒకవైపు, ఊపిరి ఒకవైపు పోయిందని ఆరోజు చెప్పాడు. తర్వాత నా వైపు వేలు చూపించి, చేయి నాది, ఊపిరి నీది అన్నాడు. నిజామాబాద్ వెళ్లి ఒకటి కొందామన్నాడు.

బస్సులో గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది సితారా అని అడిగిన వాళ్లకు అవునన్నాడు, తుపాకీయా అని అడిగిన ముసలాయనకూ అవునన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను. దిగాక ఇరానీ హోటల్లో చాయ్ తాగించి, బిస్కెట్ అందులో ఎలా ముంచాలో చూపించాడు. ఆ తర్వాత హార్మోనియంలు, డోలక్‌లు అమ్మే ఒక ఇరుకు దుకాణానికి తీసుకెళ్లాడు. లోపల తోలు వాసన, లక్క వాసన.

దుకాణదారుడు మూడు రకాలు అద్దం బల్ల మీద పెట్టాడు. ఒకటి పొడుగుది, రెండు వరసల రంధ్రాలది, మీద పూలతీగ చెక్కి తళతళలాడుతోంది. రెండోదానికి పక్కన ఒక మీట, అది నొక్కితే మధ్య స్వరాలు కూడా పలుకుతాయట. మూడోది నా అరచేతిలో ఇమిడేంత పొట్టిది, ఏ సింగారమూ లేనిది. నా కళ్లు పొడుగుదాని మీదే ఉన్నాయి. నోరు పెట్టి చూడనివ్వనన్నాడు, చూపించడానికి విడిగా ఉంచినవి తనే ఊదుతానన్నాడు. చిన్నాయన బల్లకు ఆనుకుని గిటార్ మీద సి పట్టి మీటుతూ ఉన్నాడు. దుకాణదారుడు ముందు పొడుగుది ఊదాడు. ఒక్కో స్వరం వణుకుతూ వచ్చింది. విడిగా వింటే ఎంతో తీయగా ఉంది. కానీ గిటార్‌తో కలిసేసరికి ఆ వణుకు తీగల మీద ఎక్కడా కుదురుకోలేదు, ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నట్టుంది. మీట ఉన్నది చక్కగానే పలికింది కానీ అది పట్టుకోవడానికే నా చేయి చాలలేదు. పొట్టిది ఊదినప్పుడు మాత్రం గిటార్ మోతలోకి నేరుగా వెళ్లి కూర్చుంది. ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకో స్వరం. పీల్చినప్పుడు వచ్చే దానిలో కొంచెం జీర.

నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నన్ను సూడకు. ఊదేది నువ్వు. ఏది గావాల్నో నువ్వే జెప్పు."

మా ఇంట్లో ఆడపిల్లను అలా ఎవరూ అడగరు. గాజులైనా, జడ రిబ్బన్లైనా, గౌను గుడ్డైనా ఇంటికి వచ్చాక చూడటమే. పూలతీగ దాన్ని ఇంకోసారి చూసి, పొట్టిదాని మీద వేలు పెట్టాను. ఇలాంటివే పన్నెండు రకాలుంటాయి, ఏ అక్షరం కావాలని దుకాణదారుడు అడిగాడు. తన మూడు పట్లకు సి సరిపోతుందని చిన్నాయన అన్నాడు. తిరుగు ప్రయాణమంతా దాన్ని పెట్టెలోంచి తీయలేదు. పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. కొత్త ఇత్తడి వాసన.

నేర్చుకోవడం అంత తేలిగ్గా కాలేదు. ఒక రంధ్రంలో ఊదబోతే మూడు పలికేవి. పెదాల మూలలు చీలి, కారం తగిలితే మండేది. చిన్నాయనకు ఆ విద్య తెలియదు. వంటవాడు ఎలా పట్టుకునేవాడో, నోరెలా పెట్టేవాడో గుర్తున్నంత చెప్పేవాడు, మిగతాది నేనే వెతుక్కున్నాను. కల్లంలో పసుపు కొమ్ములు తిరగేసి, వేపచెట్టు నీడలో ఇద్దరం కూర్చునేవాళ్లం. ఒక మధ్యాహ్నం పీలుస్తూ నాలుక కిందికి నొక్కితే స్వరం వంగి కిందికి జారింది. మనిషి ఏడ్చే ముందు గొంతు జారినట్టు. చిన్నాయన మీటడం మానేసి, "వంటోడు గిట్లనే జేస్తుండె. నాకు గిది జెప్పనే రాలే," అన్నాడు. పసుపు తిరగేసే ఆడవాళ్లు మాకు పాటలు అందించేవాళ్లు. నాయనమ్మ కూడా చాటలో మక్కజొన్నలు చెరుగుతూ కాళ్లు చాపుకుని వినేది. బాపు ఒకటి రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లాడు. ఏమీ అనలేదంటే ఇష్టమే అనుకున్నాను.

ఇంతలో చిన్నాయనకు బాల్కొండ నుంచి సంబంధం వచ్చింది. పిల్లను చూడటానికి జీపులో అందరం వెళ్లాం. పిల్ల తమ్ముళ్లకు గిటార్ సంగతి తెలిసి, తెమ్మని మధ్యవర్తితో చెప్పి పంపారు. నేను నాది గౌను జేబులో వేసుకున్నాను. నన్ను ఎవరూ తెమ్మనలేదు. చిన్నాయన మాత్రం జీపెక్కేముందు పెట్టుకున్నావా అని అడిగాడు.

సకినాలు తిని, చాయ్ తాగి, పిల్లను చూశాక, తమ్ముళ్లు వాయించమన్నారు. చిన్నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వసారా నిండా మగవాళ్లు. లోపలి గది తలుపు దగ్గర ఆడవాళ్లు. మొదటి రెండు ఊపిర్లు వణికాయి, తర్వాత ఆ మనుషులెవరూ నాకు కనిపించలేదు. కల్లంలో ఆడవాళ్లు నేర్పిన పాటే ఊదాను. లోపలి నుంచి ఎవరో సన్నగా గొంతు కలిపారు. చివర్లో ఆ స్వరాన్ని వంచాను. అంత బాగా నేను అంతకుముందు ఊదలేదు.

అప్పుడు పిల్ల పెదనాయన, మక్కల వ్యాపారం చేసే పెద్దమనిషి, మా బాపు తొడ మీద చరిచాడు.

"పిల్ల మంచిగనే ఊదుతుంది బావా. రేపు పెండ్లికి బ్యాండోళ్లతోని పనే లేదు. ముంగట గీ పిల్లను నిలవెడితే సరిపాయె."

అందరూ నవ్వారు. బహుశా అతనికి చెడు ఉద్దేశం కూడా లేదు. బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆయన మెడ మీది నరాల దగ్గరే ఆగిపోవడం నాకు కనిపించింది. సంబంధం మాట నాలుగు రోజుల్లో చెప్పి పంపుతామన్నారు. లేచాం.

జీపు మా ఊరి దగ్గరి పెర్కిట్ దాటాక, ముందు సీట్లో ఉన్న బాపు వెనక్కి చేయి చాపి, "గది ఇటియ్యి," అన్నాడు. ఏదని నేను అడగలేదు. ఇచ్చాను. ఆయన దాన్ని ధోవతి అంచుతో తుడిచాడు, నా నోరు తగిలిన వైపంతా రెండుసార్లు. తర్వాత అమ్మ ఒళ్లో ఉన్న తమ్ముడి చేతిలో పెట్టి, ఇక ఇది నీది అన్నాడు.

"ఎదిగే పిల్లవు. పదిమంది మొగోళ్ల ముంగట మూతి గట్ల పెట్టుడు మంచిగుండదు. గాడ నేను తలకాయ ఎత్తలేకపోయిన."

అమ్మ నా మోకాలి మీద చేయి వేసి, తీసేసింది. నాయనమ్మ, మగపిల్లవాడు ఊదితే ఎవరూ ఏమీ అనరు కదా అంది. నేను చిన్నాయనను చూశాను. ఆయన నా ఎదురుగానే కూర్చున్నాడు, మోకాళ్లు తగిలేంత దగ్గర. ఆయన ఒక్క మాట అంటే బాపు వింటాడు. ఇంటికి డబ్బు పంపేది ఆయన, ఆయన మాటంటే బాపుకు గురి. ఆయన గిటార్‌కు చుట్టిన దుప్పటి మడత సరిచేస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఏమైతది బిడ్డా. తమ్మునికే గదా ఇచ్చింది."

వారం తిరక్కుండానే బాల్కొండ నుంచి ఖాయమని కబురొచ్చింది. నా చేతిలోంచి దాన్ని లాగేయడం వల్లనే పరువు నిలిచిందని మా ఇంట్లో అందరూ అనుకున్నట్టున్నారు. తమ్ముడు దాన్ని బస్సు హారన్‌లా ఊదుకుంటూ వీధంతా తిరిగాడు. బర్రెల కుడితి తొట్టిలో ముంచాడు. మక్కజొన్న గట్క మెతుకులు రంధ్రాల్లో ఇరుక్కుని ఎండిపోయాయి. చివరికి ఎవడికో ఇచ్చి గాలిపటం తెచ్చుకున్నాడు. నేను ఒకసారి అమ్మ చాట పక్కన కూర్చుని తునికాకు ముక్క మళ్లీ పెదాల మధ్య పెట్టుకున్నాను. ఉత్త ఆకు చప్పుడు వచ్చింది. ఉమ్మేశాను.

పెళ్లయి చిన్నాయన తిరిగి వెళ్లేటప్పుడు ఈసారి నీకు ఇంకోటి తెస్తానని చెవిలో చెప్పాడు. తర్వాతి సెలవుకు బంగారు రంగు వాచీ తెచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు, నేను కట్టుకున్నాను. గిటార్ అటక ఎక్కింది.

ఆయన ఏళ్లకేళ్లు అక్కడే పనిచేసి, సిమెంటు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై, ఇక అక్కడివాళ్లు వద్దంటే వచ్చేశాడు. నేను దవాఖానలో చూడటానికి వెళ్తే ఆయనే ఆ మాట ఎత్తాడు. నువ్వు మస్తుగా ఊదేదానివన్నాడు. నాకూ అప్పటికి తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి, అయినా ఊరుకోలేకపోయాను.

"గా దినం నువ్వొక్క మాటంటే అయిపోతుండె చిన్నాయనా."

దగ్గు తెర ఆగేదాకా ఆగాడు. "సంబంధం తప్పుతదని భయమైంది బిడ్డా," అన్నాడు. నేను గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాను. పోనీలే అనలేదు. ఆయన ఆ మాట కోసమే నా వైపు చూశాడు. నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాదు.

ఆయన పోయాక, దినాల పనులన్నీ అయ్యాక, చిన్నమ్మా నేనూ పెరటి వసారాలో మిగిలాం. ఆవిడ మాటలు తక్కువ మనిషి. ఆరోజు ఎందుకో తనే మొదలుపెట్టింది. పెళ్లిచూపుల రోజు తనకు ఈ సంబంధం ఇష్టం లేదట. పెళ్లి చేసుకుని దేశం పోయేవాడు, ఏడాదికో రెండేళ్లకో ఓసారి కనబడేవాడు ఎందుకని వాళ్ల అమ్మతో చెప్పిందట. లోపలి గదిలో అలిగి కూర్చుంటే వసారాలోంచి పాట వినబడిందట. ఊదేది ఎవరని అడిగితే, వాళ్ల ఇంటి పిల్లే, పిల్లగాడి అన్న బిడ్డ అని చెప్పారట. నాకు గొంతు కలిపింది తనేనట.

"ఆడపిల్లతోని గట్ల పదిమందిల బాజా ఊదిపిచ్చే ఇల్లంటే మంచి ఇల్లే అయ్యుంటది అనుకున్న. అందుకే మాపటికి మా అమ్మ అడుగుతె తలకాయ ఊపిన."

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ పాట మళ్లీ ఎప్పుడు వినబడుతుందా అని చూసిందట. చిన్నాయన ఆవిడ ముందు ఒక్కసారి కూడా గిటార్ ముట్టలేదట. ఎందుకు ముట్టడో అడగడానికి భయపడిందట. ఇన్నేళ్ల కాపురంలో ఆయన సెలవులన్నీ కలిపి ఇంట్లో ఉన్నది ఎంతకాలమో ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

మా ఇల్లు అలాంటి మంచి ఇల్లేనని, బాల్కొండలో ఆ జీపు ఎక్కి కూర్చునేదాకా, నేనూ అనుకున్నాను.